ట్రెబుల్ చాలడం లేదన్నాడు

అట్టపెట్టె మీది టేపు కింద మరో టేపు అంచు కనిపించింది. పై టేపు కొత్తది, మెరుస్తోంది. కిందిది చిరిగి, పీచులుగా అట్టకు అతుక్కుని ఉంది. ఆంప్లిఫయర్ ఉన్న ఆ పెట్టెను ఎవరో ఒకసారి తెరిచి మళ్ళీ మూశారన్నమాట. గోదావరిఖని మెయిన్ రోడ్డు మీద, కార్లకు సీటు కవర్లూ స్టీరియోలూ బిగించే దుకాణంలో నిలబడి నేను మొదట గమనించింది ఇదే.

“ఈ డబ్బా ముందే ఇప్పిన్రు కద తమ్మీ,” అన్నాను.

“నేనే ఇప్పినక్కా. చెక్ చెయ్యకుంట కస్టమర్‌కు ఎట్ల ఇస్తం?” అన్నాడు దుకాణదారు. ముప్పై దాటిన మనిషి, చెవి మీద ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు ఉంటుంది. “మాల్ కొత్తదే. కావాల్నంటె వాసన సూడు.”

“వాసన చూసి వాట్లు చెప్పే ముక్కు కాదు నాది.”

మా ఆయన పక్కనుంచి గట్టిగా నవ్వాడు. “పైలం తమ్మీ. అంగట్ల తక్కెడను గూడ తిప్పి సూస్తది ఈమె. పవర్ హౌస్‌ల మీటర్లు సరిజూసుడే డ్యూటీ.”

అది నిజమే. నేను థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో పనిచేస్తాను. ఆవిరి పీడనం, బేరింగుల వేడి, టర్బైను కంపనం వంటివాటిని కొలిచే పరికరాలు నిజం చెబుతున్నాయో లేదో తేల్చడం నా పని. ఒక అంకె అసహజంగా కనిపిస్తే, యంత్రం మీద చెయ్యి వేయకముందు ఆ అంకెను పంపిన పరికరాన్ని అనుమానించాలని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నేర్పారు. అనుమానం నాకు స్వభావం కాదు, శిక్షణ. ఇంట్లోవాళ్ళు మాత్రం ఆ తేడాను ఎన్నడూ ఒప్పుకోలేదు.

మా ఆయన నాకు మేనత్త కొడుకు; కాబట్టి పెళ్ళికి ముందూ బావే, తరవాతా బావే. భూగర్భ గనిలో మైనింగ్ సర్దార్. బొగ్గు తీసే చోటికి మనుషులు వెళ్ళకముందు సర్దార్ వెళ్ళాలి. గాలిలో విషవాయువు ఉందేమో చూడాలి. ఆ తరవాత కర్రతో పైకప్పును కొట్టి వినాలి. రాయి గట్టిగా ఉంటే కంచు మోగినట్టు ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. కర్రతో కొడుతూనే రెండో అరచేతిని రాయికి ఆనించి అదురును కూడా చూస్తారు. సర్దార్ సరేనన్నాకే మిగిలినవాళ్ళు ఆ పైకప్పు కిందికి అడుగుపెడతారు. ఆయన మాట మీద ఆ షిఫ్టులో అందరి ప్రాణమూ ఉంటుంది.

అటువంటి మనిషి, ఉద్యోగం చివరి దశకు వచ్చాక, ఉన్నట్టుండి కారు డిక్కీలో సబ్‌వూఫర్ కావాలన్నాడు. “పాట పెడితె ఛాతిల గుద్దాలె,” అన్నాడు. ఆయనకు పాటలంటే ఇష్టం లేదని అనను. కానీ ఆ ఇష్టానికి ఇన్నాళ్ళూ వంటింటి కిటికీలోని చిన్న రేడియో సరిపోయింది. ఎందుకని అడిగితే, “ఎందుకంటె ఏం చెప్త? మనసైంది,” అన్నాడు. ఆ జవాబులో నాకు ఏదో తక్కువైంది. ఏది తక్కువైందో తెలియలేదు.

దుకాణదారును అనుమానించడానికి మాత్రం మొదటి గంటలోనే ఆధారం దొరికింది. బ్యాటరీ నుంచి డిక్కీ దాకా వేయవలసిన లావు తీగ చుట్టను అతను నేల మీద పెట్టాడు. బ్లేడు అడిగి తీసుకుని, చివర ఎర్ర తొడుగు కోసి, లోపలి పోగు ఒకదాన్ని గీకాను. పైన రాగిరంగు, లోపల తెలుపు. అల్యూమినియం మీద రాగి పూత. సబ్‌వూఫర్ ఒక్కసారిగా లాగే కరెంటుకు ఈ తీగ వేడెక్కుతుంది, వోల్టేజి పడిపోతుంది.

“ఇది రాగి కాదు తమ్మీ.”

“అందరికి గిదే ఏస్తమక్కా. ఇప్పటిదాంక ఎవ్వరు గీకి సూడలే.”

“నేను చూసిన. మార్చు.”

అతను లోపలికి వెళ్ళి అసలు రాగి తీగ తెచ్చాడు. అది తెచ్చిన తీరు చూస్తే, రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయనీ, ఏది ఎవరికన్నది మనిషి ముఖం చూసి తేలుస్తాడనీ అర్థమైంది. ఇక ఆ రోజంతా నేను అతని వెనకే ఉన్నాను. బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు పెట్టించాను. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఇనుప గోడలో తీగ దూరే రంధ్రానికి రబ్బరు తొడుగు వేయించాను. ఆంప్లిఫయర్ నెగటివ్ తీగ బిగించే చోట రంగు పూర్తిగా గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దించాను. పవర్ తీగ ఎడమ పక్కనుంచి, పాట సంకేతం మోసే తీగలు కుడి పక్కనుంచి వెళ్ళేలా చూశాను. రెండూ కలిసి నడిస్తే ఇంజను రొద పాటలోకి దిగుతుంది. డోర్లలో స్పీకర్లు, అద్దం పక్క స్తంభాలకు సన్నని పై స్వరాలు పలికే ట్వీటర్లు, డిక్కీలో చెక్క పెట్టెలో సబ్‌వూఫర్, దానికొక ఆంప్లిఫయర్, డోరు స్పీకర్లకొకటి. చివరికి ఒకే స్థాయిలో సాగే స్వరాన్ని పెట్టించి, ఆంప్లిఫయర్ నుంచి వచ్చే వోల్టేజిని నా మీటరుతో కొలిచి, ధ్వని పెంచే గెయిన్ మరను ఎక్కడ ఆపాలో చెప్పాను.

“అక్కా, నువ్వు దుకాణం పెడితె నేను బంద్ చేసుకోవాలె,” అన్నాడు అతను. మెచ్చుకోలు కాదది, విసుగు.

ఇంటికి వస్తూ పాట పెట్టాం. వెనకనుంచి డప్పు దెబ్బ వీపుకు తగిలింది. మా ఆయన ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక అరచెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టి సంతోషంగా తల ఊపాడు. కాసేపటికి ముఖం మారింది.

“డప్పు మంచిగున్నది. పాటే... పాట మీద బురద పోసినట్టున్నది. మాట సక్కగ వస్తలేదు.”

నాకు మాట స్పష్టంగానే వినిపిస్తోంది. పైగా స, ష అక్షరాలు కాస్త చెవిని కోసేట్టు కూడా ఉన్నాయి. కారు రొదలో అలా అనిపించిందేమో అనుకున్నాను.

మర్నాడు షిఫ్టు అయ్యాక ఆయన ఒక్కడే దుకాణానికి వెళ్ళి ట్రెబుల్, అంటే పై స్వరాల జోరు, పెంచించుకొచ్చాడు. చాలలేదన్నాడు. మళ్ళీ వెళ్ళాడు. ఆ తరవాత ట్వీటర్లే మార్చమని వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. అప్పటికి ఆ కారులో పాట వింటే నాకు పళ్ళు జివ్వుమంటున్నాయి.

దుకాణదారు కూర్చున్నచోటి నుంచి లేవలేదు. “అన్నా, ఇంకింత పెంచితె బజార్ల కుక్కలు మొరుగుతయి. ట్వీటర్ మంచిగనే ఉన్నది.”

“మంచిగుంటె నాకెందుకు వస్తలేదు?”

“నాకేమెరుక? అక్కనడుగు. అక్కకు అన్ని తెలుసు కద.”

ఆ ఎత్తిపొడుపు నన్ను అతని వైపు మరింత అనుమానంగా చూసేలా చేసింది. తీగ విషయంలో మోసం చేయబోయినవాడు ట్వీటర్ల విషయంలో చేయడని ఏముంది? ఆ సాయంత్రమే కారును క్వార్టర్ ముందు పెట్టి వరసగా చూసుకుంటూ వెళ్ళాను. స్టీరియో నుంచి సంకేతం సరిగా బయలుదేరుతోంది. ఆంప్లిఫయర్ దాన్ని సరిగా పెంచుతోంది. తీగలో నష్టం లేదు. ట్వీటర్ల నిరోధం పెట్టె మీద రాసినంతే ఉంది. ఫోనులోని ధ్వనిమాపకాన్ని డ్రైవరు సీటులో తల ఉండే ఎత్తున పట్టుకుంటే, పై స్వరాలు కావలసినదాని కన్నా చాలా ఎక్కువగా చేరుతున్నాయి. మూలం నుంచి గాలి దాకా ఎక్కడా లోపం లేదు. గాలి తరవాత ఇంకొకటే మిగిలింది.

ఆ ఒక్కటి అనుకోగానే నాకు కలిగినది భయం కాదు. మరో అనుమానం. అది ఎందుకు కలిగిందో చెప్పాలంటే మా ఊళ్ళ సంగతి చెప్పాలి.

బొగ్గు గని కంపెనీ డాక్టర్లు ఏ పనికీ పనికిరాడని తేల్చిన కార్మికుడి బిడ్డకు ఉద్యోగం ఇస్తారు. దాన్ని ఇక్కడ అందరూ ‘అన్‌ఫిట్’ అని ఒక్క మాటలో అంటారు. నిజంగా ఒళ్ళు చెడి ఇల్లు చేరినవాళ్ళు చాలామంది. కానీ కాలనీలో చెప్పుకునే కథలు వాళ్ళవి కావు. వెనక లారీ హారన్ కొట్టినా కదలకుండా నిలబడిన ఒకాయన, ఫైలు పాసైన మర్నాడు వీధి చివర కేక వేసిన చేపలామెకు వంటింట్లోంచే బేరం చెప్పాడని అంటారు. చెవుడు రుజువు చేయడం కష్టం, కొట్టిపారేయడం అంతకన్నా కష్టం. అందుకని నటించదలచినవాడు మొదట ఎంచుకునేది చెవులనేనని ఇక్కడ పాలు పోసేవాడికి కూడా తెలుసు. అటువంటివాడు ముందు కొన్ని నెలలు పదిమందిలో ‘ఆఁ? ఏందీ?’ అంటూ తిరిగి సాక్షులను తయారు చేసుకుంటాడట.

మా అబ్బాయి డిగ్రీ పూర్తిచేసి హైదరాబాదులో హాస్టలులో ఉండి పోటీ పరీక్షలు రాస్తున్నాడు. ఇంకా ఏదీ కలిసిరాలేదు. ఆ మధ్య మా వెనక లైను క్వార్టర్‌లో ఉండే సపోర్టు పనివాడు, మా ఆయన షిఫ్టులోనే గనిలో దన్ను కర్రలు నిలబెట్టేవాడు, పెరటి గోడ మీదుగా నన్ను పలకరించాడు.

“వదినా, అన్న టీవీ మా ఇంట్ల మోగుతంది. మేం మా టీవీ బంద్ పెట్టి మీదే ఇంటున్నం.”

“ఆయనకు చెప్త ఉండు.”

“వద్దు వద్దు. అన్న చేసేది అన్నను చెయ్యనియ్యి. నాకు ఎరుకే.” అని ఒక కన్ను మూసి నవ్వాడు.

ఆ నవ్వుకు అర్థం అప్పుడు నేను వెతకలేదు. ట్వీటర్ల నిరోధం కొలిచి లేచినప్పుడు అర్థమైంది. దుకాణానికి అన్నిసార్లు వెళ్ళడం, పదిమంది వినేలా ‘నాకు వస్తలేదు’ అనడం, టీవీ మోత, ఇవన్నీ పక్కపక్కన పెడితే ఒక పథకంలా కనిపించాయి. ఏళ్ళ తరబడి పక్కన పడుకున్న మనిషి నాకే తెలియకుండా వేషం కడుతున్నాడా? నన్ను కూడా సాక్షిగా తయారు చేస్తున్నాడా? వంటింట్లో గిన్నె కింద పడేసి ఆయన తిరుగుతాడా అని చూశాను. తిరిగాడు. అది నా అనుమానాన్ని పెంచింది.

కొలిస్తే గాని తేలదనిపించింది. ఆదివారం పొద్దున, స్పీకర్లు పరీక్షించాలి రమ్మని ఆయనను కారులో కూర్చోబెట్టుకుని, కాలనీ దాటి ఓపెన్‌కాస్టు గని మట్టిగుట్టల వైపు వెళ్ళే పాత రోడ్డు పక్కన ఆపాను. లారీలు అటు రావడం మానేశాయి. ఇంజను ఆపి, అద్దాలు ఎక్కించాను.

“కండ్లు మూసుకో బావా. చప్పుడు వినవడంగనే వేలు లేపు. పోంగనే దించు.”

“గిదేం ఆట?”

“ఆటే. ఏ స్పీకరు పనిచేస్తలేదో తెలుస్తది.”

ఫోనును ఆయనకు కనిపించకుండా ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్క స్వరాన్నీ స్టీరియోకు పంపాను. మొదట మంద్రంగా. వేలు వెంటనే లేచింది. కొంచెం పైకి. లేచింది. మనిషి మాట నడిచే మధ్య స్థాయిలో కాస్త ఆలస్యంగా లేచింది. ఇంకా పైకి వెళ్ళాను. లేవలేదు. ధ్వని పెంచాను. లేవలేదు. నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర ఆ స్వరం నా చెవిలో సూదిలా దిగుతోంది. తట్టుకోలేక నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను. ఆయన కళ్ళు మూసుకుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, తరవాతి చప్పుడు కోసం ఎదురుచూస్తున్న మనిషిలా శ్రద్ధగా కూర్చుని ఉన్నాడు.

నేను చూస్తున్నది వేలును కాదు, కనురెప్పలను. వేలు మనిషి మాట వింటుంది. అంత పదునైన చప్పుడు చెవిలో పడితే రెప్ప వినదు, అదురుతుంది. ఆయన రెప్పలు కదలలేదు. వరస మార్చి మళ్ళీ పంపాను. మధ్యలో ఏ చప్పుడూ పంపకుండా ఊరుకున్నాను. అప్పుడు వేలు లేపలేదు. కింది స్వరం, పై స్వరం కలగాపులగంగా ఇచ్చాను. రెండోసారీ సరిగ్గా ఆ చోటనే ఆగిపోయాడు. నటించేవాడు అంచు దగ్గర తడబడతాడు. ఎక్కడ ఆగాడో గుర్తుపెట్టుకోలేడు. ఈ మనిషికి అక్కడ ఒక గోడ ఉంది.

“అయిపాయెనా?” అన్నాడు కళ్ళు తెరవకుండానే. “ట్వీటరే ఖరాబు కద?”

“ట్వీటర్ మంచిగనే ఉన్నది బావా.”

కళ్ళు తెరిచాడు. నా ఒళ్ళోని ఫోనును చూశాడు, అందులో ఇంకా మోగుతున్న స్వరం తాలూకు గీతను చూశాడు. నా వైపు తిరిగినప్పుడు ఆ చూపులో అనుమానం ఉంది, నా మీద.

“దవాఖానోళ్ళు చెప్పిన్రా నీకు, గిట్ల సూడుమని?”

“నాకెవ్వరు చెప్పలే. ఎప్పటి సంది?”

“ఏందెప్పటి సంది? నాకేం కాలే.”

“రూఫ్ కొడితె ఏం వినవడుతంది నీకు?”

 గుట్ట మీద డంపర్ ఒకటి మట్టి గుమ్మరించి వెనక్కి వెళ్తూ కీచుమంటోంది. నాకు వినిపించే ఆ కీచు ఆయనకు చేరడం లేదని ఆ క్షణంలో తెలిసింది.

“చెయ్యి చెప్తది,” అన్నాడు చివరికి. “కట్టె కొట్టి చెయ్యి ఆనిస్త. అదురు చేతికి తెలుస్తది. అన్నీ ఒక్కతీరు మోగవట్టి మస్తు రోజులాయె. చేతి మీదనే నడిపిస్తున్న.”

“చెయ్యి పెట్టిన జాగ సంగతి చెయ్యి చెప్తది. ఎనుక జాగ సంగతి ఎవలు చెప్పాలె?”

ఆ మాట తగిలింది. డోరు హ్యాండిల్ మీద చెయ్యి వేసి, దిగబోయి, ఆగాడు.

“మొన్న మనోడు నా కాలర్ వట్టి గుంజిండు,” అన్నాడు. వెనక లైను సపోర్టు పనివాడి గురించి. “ఎందుకు గుంజినవ్‌రా అని తిట్టిన. తిడుతుండంగనే నేను నిలవడ్డ జాగల బండ పడ్డది. పడే ముందట చిటచిట అన్నదట. అందరికి వినవడ్డదట.”

“నీకు?”

“రాలే.”

పైకప్పు కూలేముందు రాయి సన్నగా చిట్లుతుంది, దన్ను కర్ర కిర్రుమంటుంది. మనుషులకు పరుగెత్తే సమయం ఇచ్చేది ఆ సన్నని చప్పుళ్ళే. అవన్నీ ఆయన గోడకు అవతలే ఉన్నాయి.

“ఎందుకు చెప్పలే?”

“చెప్తె ఏమంటరు? కొడుకు నౌకరి కోసం చెవిటేషం కట్టిండంటరు. నేను గూడ నలుగురిని గట్లనే అన్న. ఇన్నేండ్ల నౌకరి ఆ ఒక్క మాటల కొట్టుకపోతది.” హ్యాండిల్ మీంచి చెయ్యి తీశాడు. “డప్పు వినవడ్డది కద. డప్పు వినవడ్డదంటె చెవు ఉన్నట్టే కద అనుకున్న. దుకాణపోడు మోసం చేసిండనుకుంటె నిమ్మలముండె.”

సబ్‌వూఫర్ ఎందుకన్న ప్రశ్నకు అది జవాబు. చెవితో కాక ఒంటితో వినగలిగేదాన్ని ఆయన కొనుక్కున్నాడు.

“రేపు బొగ్గుబాయి దిగొద్దు,” అన్నాను.

“నువ్వు గూడ నమ్ముతలేవా?”

“నీ చెవును నమ్ముతలేను. నిన్ను నమ్మకపోతె నీతోని ఈడ కూసోను.”

మర్నాడు ఆయన షిఫ్టుకు వెళ్ళలేదు. గని ఆఫీసులో తన నోటితోనే చెప్పి, అక్కడినుంచి కంపెనీ దవాఖానకు వచ్చాడు. నేను సెలవు పెట్టి తోడుగా వెళ్ళాను.

డాక్టరుగారు కాగితం చదివి, తల ఎత్తి, మొదట అడిగింది చెవుల గురించి కాదు.

“మీ అబ్బాయి ఏం చేస్తున్నాడండీ?”

మా ఆయన ముఖం మాడిపోయింది. “చదువుతున్నడు సార్.”

“ఉద్యోగం లేదన్నమాట. ఊఁ. ఎన్నాళ్ళ నుంచి వినపడట్లేదు? ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది?”

“డ్యూటీల మనుషులకు ముప్పున్నది సార్.”

“అందరూ మంచి కారణంతోనే వస్తారు,” అన్నాడాయన. కోపంగా అనలేదు. రోజూ అబద్ధాలు వినే మనిషి ఓపికతో అన్నాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు. నేనూ అదే పని చేశాను కాబట్టి. మట్టిగుట్టల దగ్గర నేను తీసిన కొలతలు చెబుదామని నోరు తెరిచాను. “మీరు ఆయన భార్య కదమ్మా,” అన్నాడు. నా కొలతలు ఎందుకు చెల్లవో ఆ ఒక్క వాక్యంలో ఉంది.

గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ఫలితం నమ్మకుండా మరో రోజు రమ్మన్నారు. ఆ రోజు టెక్నీషియన్ పరీక్ష మధ్యలో ఆయన వెనక ఇనుప ట్రేను నేల మీద వదిలేశాడు. ట్రే మోత లావుది కనుక మా ఆయన ఉలిక్కిపడి తిరిగాడు. టెక్నీషియన్ డాక్టరుగారి వైపు చూసిన చూపును నేను అద్దంలోంచి చూశాను. వంటింట్లో గిన్నె పడేసినప్పుడు నా ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది. చివరికి, తలకు తీగలు అంటించి, మనిషిని అడగకుండా నేరుగా నరాన్నే అడిగే పరీక్షకు పెద్ద ఆసుపత్రికి పంపారు. దానిలో వేలు లేపే పని లేదు, కనుక అబద్ధానికి చోటు లేదు. ఆ కాగితం వచ్చాక డాక్టరుగారు దాన్ని చాలాసేపు చూశారు.

“భూగర్భంలోకి వెళ్ళకూడదు. సర్ఫేస్ పని చేసుకోవచ్చు,” అన్నారు. కాగితం మడుస్తూ, “మీరు ముందే రావలసింది,” అన్నారు.

 ముందే వచ్చి ఉంటే ఏమనేవారో మా ఇద్దరికీ తెలుసు.

అలా ఆయన గని పైన స్టోరులో చేరాడు. పై పనికి పనికొస్తాడన్నారు కాబట్టి అబ్బాయి ఉద్యోగం మాటే లేదు. కాలనీలో మాత్రం కథ మరోలా తయారైంది. సర్దార్ అన్‌ఫిట్‌కు ప్రయత్నించాడు, పాపం సగమే పనైంది. ఎదురింటామె నా చెయ్యి పట్టుకుని మరీ ఓదార్చింది: “అప్పీలు పెట్టుకోండ్రి వదినా. మా ఆడిబిడ్డ మొగనికి గూడ రెండో తాపకే అయింది.” మేం ఏం చెప్పినా ఆ జాలి తగ్గలేదు. మా ఆయన వివరించడం మానేశాడు.

సపోర్టు పనివాడు మాత్రం చాలా రోజులు రాలేదు. తరవాత ఒక మధ్యాహ్నం గేటు తీసుకుని వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

“అన్నా, ఒక్క మాట. నిజంగనే వినవడదా?”

“వినవడది.”

“కిందున్నప్పుడు గూడనా? మమ్ముల రమ్మన్నప్పుడు గూడనా?”

“అప్పుడు గూడ. చెయ్యి వెట్టి సూసే రమ్మన్న. కాని వినలే.”

అతను గోడకు ఆనుకున్నాడు. తాను కాలర్ పట్టి లాగిన రోజు గురించి మాట్లాడటం మొదలుపెట్టి, మధ్యలో నా వైపు చూశాడు.

“వదినా, నేను అనుకున్న... అన్న షురూ చేసిండని. కొడుకు కోసం. మంచిగనే చేస్తున్నడు, నేను నోరు మూసుకుందామని అనుకున్న.”

“రూఫ్ కింద ఎవలన్న యేషం కడతరా?” అన్నాను. నా గొంతు నాకే కఠినంగా వినిపించింది.

“అదే అడుగుతున్న నన్ను నేను,” అన్నాడు. “బండ పడ్డది. అన్న నిలవడ్డడు. నేను నవ్వుకున్న వదినా. గింత పక్కాగ చేస్తున్నడేందని నవ్వుకున్న. ఆఫీసుల చెప్పాల్సింది చెప్పలే. ఆ తర్వాత గూడ అందరం ఆయనెనుకనే పోయినం.”

పెదవుల కదలికను చూస్తూ మా ఆయన అందులో ఎంత అందుకున్నాడో తెలియదు. “చాయ్ తాగు,” అని లేచి, వాకిట్లోని చిన్న బల్ల మీది చెంబు నీళ్ళతో గ్లాసులు కడగడానికి అటు తిరిగాడు.

సపోర్టు పనివాడి ముఖంలో ఇంకా ఏదో మిగిలి ఉంది. అన్నీ విన్నాక కూడా తేలనిది. అతను అడుగు చప్పుడు కాకుండా మా ఆయన వీపు వెనకకు వెళ్ళాడు. నన్ను ఊరుకోమన్నట్టు చెయ్యి చూపించాడు. ఊపిరితో తప్ప గొంతుతో కాకుండా, గనిలో ఆ మాట వింటే ఎవరైనా చేతిలో ఉన్నది పారేసి పరుగెత్తే ఆ మాట అన్నాడు.

“అన్నా... రూఫ్ వస్తంది.”

మా ఆయన గ్లాసును వెలుతురుకు పట్టుకుని, అడుగున మరక పోయిందో లేదో చూసుకుని, రెండోసారి నీళ్ళు పోశాడు.

 సపోర్టు పనివాడు బల్ల చుట్టూ తిరిగి, ఆయన ఎదురుగా వచ్చి, గ్లాసు చేతిలోంచి తీసుకుని, “నేను కడుగుత తియ్యన్నా,” అన్నాడు గట్టిగా, ఒక్కొక్క మాటా విడివిడిగా.